మూడు ఊళ్లకూ ఒకే నియమం

ప్రొద్దుటూరులో ముంపు ఊళ్ల పునరావాస కార్యాలయంలో సర్వరు నా చేతిలో ఉండేది. జమ్మలమడుగు, పులివెందుల శాఖల కంప్యూటర్లలోని ఫైళ్లన్నీ రోజూ సాయంత్రం అందులోకి బ్యాకప్ అయ్యేవి. ఏ ఫైళ్లు తీసుకోనక్కరలేదో ఆ జాబితా కూడా సర్వరులోనే ఉండేది. నేనిక్కడ ఒక వరుస చేరిస్తే మూడు ఊళ్లలోనూ అమలయ్యేది.

పులివెందుల కంప్యూటరు నిండా ప్రారంభోత్సవాలకు వేయించిన నాయకుల ఫ్లెక్సీ బొమ్మలు. వాటివల్ల బ్యాకప్ తెల్లారినా ముగిసేది కాదు. ఫొటోలు వదిలెయ్యమని ఆ ఒక్క ఊరికి రాస్తే సరిపోయేది. కానీ అవి ఫ్యాక్షన్ రోజులు. ఫొటోలు బరువైనాయని చెప్పగానే అక్కడి గుమాస్తా ఫోన్లో అన్నాడు.

"ఏం మామా, మా లీడరు బొమ్మలే బరువైనాయా నీ మిషన్‌కు? అవతలి పార్టీలో ఎప్పుడు చేరితివి?"

నవ్వుతూనే అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఎవరూ వేలెత్తి చూపకూడదని మూడు ఊళ్లకూ ఒకే నియమం పెట్టాను. 'ఫొటోలు మినహాయించాను, అందరికీ సమానంగా' అని డైరీలో రాసుకున్నాను.

జమ్మలమడుగు కంప్యూటర్లో ఉన్నవి ఫ్లెక్సీలు కావు, రిజర్వాయరులో మునగబోయే ఇళ్ల ఫొటోలు. నేను కనుక్కోలేదు. ఆ ఎండాకాలం పార్టీల గొడవలో ఆ కార్యాలయానికి నిప్పు పెట్టారు. ఆ ఫొటోలు కంప్యూటరుతోపాటే కాలిపోయాయి, సర్వరులో నకలు లేదు.

రిజర్వాయరు నిండాక కొండాపురం వైపు నుంచి గొర్రెలు మేపుకునే ఒక వితంతువు నా దగ్గరికి వచ్చింది. ఆమె ఊరు అప్పటికే నీళ్లలో ఉంది. అక్కడ తనకు ఇల్లుండేదనడానికి ఆ ఫొటో తప్ప ఆధారం లేదు. అది లేనిదే పునరావాస కాలనీలో స్థలం రాదు.

"నా ఇంటి ముందర నన్ను నిలబెట్టి తీసిరి గదప్పా. యాడ పాయ?"

"తీసినారమ్మా. దాచొద్దని రాసింది నేనే."

"నా ఇల్లు నీకేం అడ్డమొచ్చెనప్పా?"

ఆ సాయంత్రమే నియమం తీసేశాను. తప్పు నాదని, ఆమె మాట నమ్మమని ఉత్తరం రాసి మా అధికారి ముందు పెట్టాను. ఆయన చదివి తిరిగిచ్చాడు.

"ఇది బయటికొస్తే, ఎవురు చెప్తే ఫొటోలు వదిలేసినావని రెండు పార్టీలోళ్లూ నీ ఇంటికే వస్తారు. గొడవలు అణగనీప్పా."

భయపడ్డాను. ఉత్తరం సొరుగులో పెట్టాను. గొడవలు అణిగాక స్థలాలిచ్చే ఆఫీసుకు తీసుకెళ్లి ఇచ్చేసరికి స్థలాల జాబితా గోడకు అంటించి ఉంది. అందులో ఆమె పేరు లేదు.

ఉత్తరం రాసిన తేదీ, ఇచ్చిన తేదీ రెండూ నా డైరీలో ఉన్నాయి. మధ్యలో అరవై రెండు పేజీలు. ప్రతి పేజీలోనూ 'బ్యాకప్ సక్రమం' అని నా దస్తూరీయే.