చెరువు గట్టు మీద ప్రాక్సీ

రాజోలు అవతల ఒక రొయ్యల చెరువు దగ్గర ఇంటర్నెట్టు రావడం లేదని నన్ను కాకినాడ నుంచి పంపించారు. అప్పట్లో నేను ఒక రొయ్యల కంపెనీలో కంప్యూటర్లు చూసేవాణ్ణి. కొనుగోళ్లు చూసే సత్యనారాయణగారికి కొత్తగా ల్యాప్‌టాప్ ఇచ్చారు. అది ఆఫీసులో బుద్ధిగా పనిచేసేది, గేటు దాటితే మొరాయించేది. ధర ఫోన్లో చెప్పకూడదు, మెయిల్లోనే రావాలన్నది మా వాళ్ల నియమం. అవతల చెరువుకి జబ్బు తగిలింది. సాయంత్రంలోగా పట్టకపోతే రొయ్యలు నీళ్లలోనే పోతాయి.

ఏడింటి బస్సెక్కాను. యానాం వంతెన మీద గోదారిని చూద్దామంటే పక్క సీట్లో లెక్చరర్‌గారు వదల్లేదు. ఏం పనిమీద అని అడిగితే, ప్రాక్సీ సరిచేయడానికన్నాను.

"మా కాలేజీలో ప్రాక్సీలు పిల్లలే చూసుకుంటారండి. ప్రత్యేకంగా మనిషక్కర్లేదు" అన్నారాయన.

ఇది ఒకరి బదులు ఒకరు హాజరు పలికే ప్రాక్సీ కాదని, ఆఫీసు కంప్యూటర్లన్నీ ఒకే సర్వరు ద్వారా బయటికి వెళ్తాయని, దాన్నే ప్రాక్సీ అంటారని నేను వివరించేసరికి ఆయన నిద్రపోయారు.

అమలాపురం బస్టాండు ఎదుట పెసరట్టు తిన్నాను. అల్లప్పచ్చడి కోసమైనా అక్కడ దిగాలి. రాజోలు బస్సులో కొబ్బరిపీచు మూట మీద కూర్చోవలసి వచ్చింది. సీటు కన్నా అదే నయం. రాజోల్లో ఆటో మాట్లాడుకుని మధ్యాహ్నానికి చెరువు చేరాను.

వల సిద్ధంగా ఉంది. ఐసు లారీ కారుతోంది. చెరువు యజమానురాలు లక్ష్మీకాంతంగారు మంచినీళ్లిచ్చి, "మీరొస్తే అయిపోద్దన్నారండి" అన్నారు. చెరువు దగ్గరే ఉన్న సత్యనారాయణగారు పొద్దున్నే ఆవిడకి ఒక ధర చెప్పేశారు. ఇక పైవాళ్ల మెయిల్ రావడమే తరువాయి.

అంతకుముందు ఫోన్లో నేను చెప్పినట్టే ఆయన ప్రాక్సీ టిక్కు తీసేశారు. కానీ అది ఆఫీసు వైరుకి సంబంధించినది. సెల్‌ఫోను తగిలించి వాడే కనెక్షన్‌కి విడిగా ఇంకో సెట్టింగు ఉంటుంది, అందులోనూ టిక్కు ఉంది. ల్యాప్‌టాప్ మోసుకుని తిరిగేవారు ఈ రెండోదాన్ని మరవకండి. నేను దాన్ని తీశాను. మెయిల్ దిగింది.

ధర తగ్గించమని ఉంది.

సత్యనారాయణగారు తెరకేసి చూశారు, తర్వాత ఆవిడకేసి చూశారు.

"ఇది లారీ వెళ్లేక వచ్చిందనుకోండి" అన్నారు మెల్లగా. "పొద్దున్న మాటిచ్చేనండి ఆవిడకి."

నాకంత ధైర్యం లేదు. గట్టు వారన రొయ్యలు నీరసంగా ఈదుతున్నాయి. సరిగ్గా అప్పుడే మా మేనేజరు ఫోన్ చేసి, అయిందా అన్నారు.

"ఇంకా అవుతోందండి" అన్నాను. అది మరీ అబద్ధం కాకూడదని టిక్కు మళ్లీ పెట్టేశాను.

"ఆయ్" అన్నారు సత్యనారాయణగారు. పొద్దున్న చెప్పిన ధరకే వల దిగింది. లారీ మలుపు తిరిగాక ఇంటర్నెట్టు మళ్లీ బాగుపడింది.

తిరుగు బస్సులో మేనేజరు చాలాసేపు ఫోన్లో అరిచారు. సెల్లు చెవికి కాస్త దూరంగా పట్టుకుని, పొద్దున్న చూడలేకపోయిన గోదారిని తీరిగ్గా చూశాను. ఇన్ని పాయలు దాటి వెళ్లి నేను చేసిందల్లా ఒక టిక్కు తీయడం, పెట్టడం, మళ్లీ తీయడం. అంత మంచి సర్వీసు ఆ తర్వాత నేనెక్కడా చేయలేదు.