ఇంగువ లేని శుక్రవారాలు

నిన్న పిస్కాటవేలో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు, నా ముందున్న ట్రక్కు వెనక ఎవరో వేటాడిన జింకను పడుకోబెట్టి తీసుకుపోతున్నారు. పచ్చదీపం వెలిగినా కదలడం మరచిపోయాను. వెనకాయన హారన్ కొట్టేదాకా నేను హైస్కూలు చివరి ఏడాదిలోనే ఉన్నాను.

ఆ ఏడు ఆకులు రాలే కాలంలో నాన్నగారు శుక్రవారం వంటలో ఇంగువ పోపు వద్దన్నారు. మాంసం కొట్టు ఎదురైతే రోడ్డు దాటి నడిచే మనిషి. వాసన సబ్బు మానేసి వంటసోడాతో ఒళ్లు రుద్దుకోవడం మొదలుపెట్టారు. చొక్కాలు ఇంట్లో కాకుండా గరాజ్‌లో ఆరేసుకునేవారు. శనివారం తెల్లవారకముందే కారు తీసేవారు, అడిగితే వాకింగ్ అనేవారు. వాకింగ్‌కి వాసనల పట్టింపేమిటని అమ్మ అనుమానం. మన పోపు వాసన గిట్టని తెల్లావిడ ఎవరో ఉండి ఉంటుందని తేల్చేసింది. నాకూ అలాగే తోచింది; నేను చదివే నవలల్లో భర్తలు ఇంచుమించు అలాగే ఉండేవారు. డైరీలో ఆవిడకు నీలికళ్లు కూడా పెట్టేశాను.

"నువ్వూ వెళ్లవే ఆయనతో. ఏమీ అడగకు, చూసి రా," అంది అమ్మ.

నాన్నగారు కాదనలేదు. అది మరీ అనుమానంగా అనిపించింది. ఆ శనివారం అడవి అంచున కారు ఆపి, ట్రంక్ తెరిచి, దుప్పటి విప్పి విల్లు బయటికి తీశారు. నీలికళ్లావిడ కోసం చుట్టూ వెతుకుతున్న నేను నోరు తెరిచి చూస్తూ ఉండిపోయాను. "ఆఫీస్‌లో ఒకాయన నేర్పించాడు. జింకలు వాసన పసిగట్టేస్తాయి. అమ్మకి మాత్రం చెప్పకు, తట్టుకోలేదు," అన్నారు.

చెట్టుకు ఎత్తుగా బిగించిన పలక మీదికెక్కి కూర్చున్నాం. "జింక వస్తే కొమ్ములకేసి చూడకు, కంగారు పుడుతుంది. ఊపిరి మెల్లగా వదలడం మీదే మనసు పెట్టు," అని ముందే చెప్పారు. జింక రానే వచ్చింది. నా గుండె చప్పుడు దానికి వినబడుతుందేమో అనిపించింది. నాన్నగారు లేచి బాణం ఎక్కుపెట్టి వింటితాడు లాగి పట్టుకున్నారు. తాళంచెవి కనబడకపోతే ఇల్లు పీకి పందిరేసే మనిషి ముఖంలో ఒక్క గీతయినా కదల్లేదు. ఆ ప్రశాంతత చూసి నాకు భయం వేసింది. అంతలో జింక మావైపు తిరిగింది. ఆయన తాడును నెమ్మదిగా వెనక్కి వదిలి విల్లు దించేశారు.

"జాలేసిందా నాన్నా?"

"ఎదురుగా ఉన్నప్పుడు కొడితే గాయంతో పారిపోతుంది. నెక్స్ట్ టైమ్ పక్కకి తిరుగుతుందిలే."

"ఇదివరకు ఎప్పుడైనా కొట్టారా?"

"పద, అమ్మ ఎదురుచూస్తుంటుంది."

అమ్మ నన్ను తిన్నగా వంటింట్లోకి లాక్కెళ్లింది. "ఎవరే ఆవిడ?"

"ఎవరూ లేరమ్మా. చెట్టెక్కి కూర్చుంటారు."

"చెట్టెక్కడానికి ఇంగువ మానెయ్యాలా?"

అమ్మ కళ్లకేసి చూడకుండా, ఊపిరి మెల్లగా వదిలాను. గొంతు వణకలేదు. "మంచి గాలి కోసం అమ్మా."

"ఓహో, నిన్నూ కలిపేసుకున్నారన్నమాట!" అంది. ఆ రోజు నుంచి అమ్మ కన్ను ఇద్దరి మీదా ఉండేది.

తర్వాతెప్పుడో నాన్నగారి శనివారాలు ఇంట్లోనే గడవసాగాయి. అమ్మ మళ్లీ మమ్మల్ని మామూలుగా చూడడం ఎప్పుడు మొదలైందో డైరీలన్నీ తిరగేసినా దొరకలేదు. అనుమానం వచ్చిన రోజు పేజీలు నింపుతాం. అది వదిలిపోయిన రోజు ఏమీ జరగని రోజులాగే గడిచిపోతుంది.