జాబితాలో లేని పేజీ

వార్డు ఎన్నికలో డ్రైవరు నాలుగు ఓట్ల తేడాతో గెలిచాడు. ఓడిన టైలరు ఒప్పుకోలేదు. రెండు వర్గాలూ వీధిలో ఎదురెదురుగా నిలబడ్డాయి. కోర్టుకెక్కే ముందు ఇద్దరినీ కూర్చోబెట్టి రాజీ కుదురుతుందేమో చూడమని ఎన్నికల కార్యాలయం వాళ్లు రిటైరైన నర్సమ్మను అడిగారు. వార్డులో సగం మందికి పురుడు పోసింది ఆవిడే. ఆవిడ మాటంటే ఇద్దరికీ గురి.

"నీకెందుకే ఈ తలనొప్పి?" అంది వాళ్లక్క. నర్సమ్మ బీపీ మాత్ర వేసుకుని బయల్దేరింది.

లైబ్రరీ వెనక గదిలో టైలరును ముందు విడిగా పిలిచింది.

"ఓడినందుకు కాదమ్మా. మా అమ్మ మూడు గంటలు లైన్లో నిలబడితే, లిస్టులో పేరు లేదు పొమ్మన్నారు. అందరి ముందూ! ఇంటికొచ్చి ముద్ద ముట్టలేదు."

తర్వాత డ్రైవరును పిలిచి చెబితే, అతను ఆ సంగతి విని మెత్తబడ్డాడు. "అయ్యో, పెద్దావిడని అలా పంపారా? వాళ్లింటికెళ్లి నేనే మాట్లాడతా." టైలరుకు ఆ మాట చాలు. రాజీ కాగితం సిద్ధమైంది.

ఎన్నికల కార్యాలయం ఇచ్చిన పాత జాబితాలో ఆ పెద్దావిడ పేరు వెతుకుతూ నర్సమ్మ ఒక పేజీ దగ్గర ఆగిపోయింది. ఆవిడ పేరున్న పేజీ మొత్తం కొత్త జాబితాలో లేదు. ఒకటి కాదు, పదకొండు పేర్లు. గెలుపు తేడా నాలుగే ఓట్లు.

బయట కేకలు పెరిగాయి. ఎవరో తలుపు దబదబా బాదారు. చెబితే వీధి భగ్గుమంటుంది. ఊరుకుంటే రెండు సంతకాలతో అంతా సద్దుమణుగుతుంది. అయినా రెండు జాబితాలూ ఇద్దరి ముందూ పరిచింది.

డ్రైవరు లేచి నిలబడ్డాడు. "సంతకం పెట్టబోతుంటే ఇప్పుడా? నన్ను ముంచుతున్నావమ్మా!"

"నువ్వు గెలిచావో లేదో నాకు తెలీదు నాయనా. నీకూ తెలీదు. తెలిసి దాచి సంతకాలు పెట్టించలేను."

డ్రైవరు జాబితా దగ్గరికి లాక్కుని పేర్లు చూసి అడిగాడు. "ఆ పదకొండు మందీ నాకే వేస్తే?"

"వేస్తే నువ్వే కూర్చో అన్నా. నేనే దగ్గరుండి ప్రమాణానికి తీసుకెళ్తా," అన్నాడు టైలరు.

కాగితం మళ్లీ రాశారు. మళ్లీ ఓటింగ్ పెట్టించమని ఇద్దరూ కలిసే కోర్టును అడుగుతారు. తీర్పు వచ్చేదాకా డ్రైవరు ప్రమాణం చెయ్యడు. తర్వాత ఇద్దరూ ఒకేసారి గుమ్మం దాటి ఎవరి మనుషుల్ని వాళ్లు ఇళ్లకు పంపేశారు.

నర్సమ్మకు మాత్రం నెల్లాళ్లు కంటి మీద కునుకు లేదు. తనవల్లే ఒకడి గెలుపు పోతుందేమోనని ఒకటే బెంగ. కోర్టు ఆ పదకొండు పేర్లూ చేర్పించి, ఆ పోలింగ్ కేంద్రంలో మళ్లీ ఓటింగ్ పెట్టించింది. టైలరు తల్లి పొద్దున్నే వెళ్లి ఓటేసి వచ్చింది. డ్రైవరే గెలిచాడు, తొమ్మిది ఓట్ల తేడాతో. టైలరు వెళ్లి చెయ్యి కలిపాడు.