అడుగు తక్కువైన గోపురం రేకు

చిన్నప్పుడు గుండె బలహీనమని నన్ను బడికి పంపలేదు. గుండుగొలను దగ్గర మా ఊళ్ళో రేకుల పని చేసే నాన్నే, రేకు ముక్కల మీద సుద్దతో గీసి లెక్కలు నేర్పారు. అలాంటి బడి ఇచ్చినందుకు దేవునికి ఇప్పటికీ స్తోత్రం చెప్పుకుంటాను.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా గుడి, అంటే మా చర్చి, గోపురానికి కొత్త రేకు వేయాలనుకున్నారు. మా ఆడవాళ్ళు అన్నం వండే ముందు దేవుని పేరున పిడికెడు బియ్యం తీసి పక్కన పెడతారు. రెండేళ్ళుగా కూడిన ఆ బియ్యం అమ్మి రేకులు తెప్పించాలి. అప్పటికే షుగరుతో నాన్న చూపు మసకబారింది. ఈ పనిలో తప్పు జరిగితే ఇంకెవరూ పిలవరని ఆయనకి తెలుసు. అందుకే కొలత నాకప్పగించారు.

నాలుగు త్రికోణపు పలకల గోపురం. అడుగున ఒక్కో వైపు ఆరడుగులు. లోపల శిఖరం నుంచి తాడుకి రాయి కట్టి దించి, ఎత్తు నాలుగడుగులన్నాను. ఒక్కో పలక పన్నెండు, మొత్తం నలభై ఎనిమిది చదరపు అడుగులు. ఏలూరు నుంచి అంతే రేకు వచ్చింది. నాన్న నా కొలతకే కత్తిరించారు.

తీరా పైకెక్కించి శిఖరానికి ఆనిస్తే, కింద నాలుగు వైపులా అడుగు మేర చట్రం బయటే ఉండిపోయింది.

"ఏవండీ మేస్త్రీగారూ, దేవుడి గుడికి పొట్టి లాగూ కుట్టారేంటండీ?" అన్నారు సంఘపెద్దగారు. అందరూ నవ్వారు.

నేను నోరు తెరిచేలోగా నాన్న నా చెయ్యి నొక్కారు. "నా కళ్ళేనండీ. కొలత తప్పు చూశాను."

ఇంటికొచ్చాక మెల్లగా చెప్పారు: "నువ్వు లోపలి గాలిని కొలిచావమ్మా. రేకు పడుకునేది వాలు మీద కదా. కింది వైపులో సగం మూడు, నిలువు నాలుగు. వాలు ఎంత?"

"ఐదు," అన్నాను ఏడుస్తూ. మొత్తం అరవై చదరపు అడుగులు కావాలి.

మళ్ళీ పిడికెడు బియ్యం అడగలేం. మర్నాడు నాన్న మా వంటింటి కప్పు రేకులు రెండు విప్పి, అడుగు వెడల్పు పట్టీలు కోసి గోపురం కింద వేశారు. ఆ కప్పుకి అమ్మ తాటాకు కప్పించింది.

ఆ తర్వాత నాన్నని ఎవరూ పనికి పిలవలేదు. కళ్ళు పోయాయట అనుకున్నారు. రోజూ కత్తెరకి నూనె రాసి, గుడ్డలో చుట్టి పెట్టుకునేవారు. తప్పు నాదని రోజూ ఊళ్ళో చెప్పాలనుకునేదాన్ని. చెప్పలేదు. రెండేళ్ళకి ఆయన వెళ్ళిపోయారు.

సమాధి దగ్గర ప్రార్థన అయ్యాక సంఘపెద్దగారు, "మంచి పనివాడు. చివర్లో కళ్ళే మోసం చేశాయి పాపం," అన్నారు.

"కళ్ళు కాదండీ. ఆ లెక్క నాది," అన్నాను.

ఆయన సమాధి వైపు తిరిగారు. "ఇప్పుడెవరికి చెప్పమంటావమ్మా?" అన్నారు.

గోపురం అడుగున ఆ పట్టీలు ఇంకా ఉన్నాయి. మా పొయ్యి పొగకి నల్లబడిన వైపు లోపలికి ఉంటుంది. ఆదివారాలు గంట తాడు దగ్గర నిలబడి తల ఎత్తితే కనిపిస్తుంది.