మంగళ చెయ్యెత్తిన రోజు

విదేశంలో, ట్రుగనీనా అనే ఊళ్లో ఒక గోదాములో పదకొండేళ్లుగా పెట్టెలు సర్దే మంగళ, యాభై మూడో ఏట యూనివర్సిటీలో చరిత్ర చదవడానికి చేరింది. కూతురు సింధుజకు అది మింగుడుపడలేదు.

"మమ్మీ, జాబ్ వచ్చే కోర్స్ తీసుకోవచ్చుగా. ఎప్పుడో జరిగిపోయిన సంగతుల గొడవ నీకెందుకు?"

"పొద్దున్నే దీపం పెడతాను, ఎలక్షన్ వస్తే ఓటేస్తాను. ఈ రెండింటికీ, అంటే భక్తికీ స్వేచ్ఛకీ, పొసగదంటారు. నిజమో కాదో నేనే చూసుకోవాలి సింధూ."

ఆ వారం క్లాసులో, రాజుల్నీ మతాన్నీ జనం ప్రశ్నించడం మొదలుపెట్టిన జ్ఞానోదయ యుగం మీద చర్చ. మతాన్ని వదిలాకే మనుషులు స్వేచ్ఛ గురించి ఆలోచించారని లియమ్ అనే విద్యార్థి అన్నాడు. అందరూ తలూపారు. తన ఇంగ్లీషంటే బెరుకుతో ఆరు వారాలుగా నోరు విప్పని మంగళ చెయ్యెత్తింది.

"అమెరికాలో తొలి కాలేజీలు చాలావరకు పాస్టర్లను తయారుచేయడానికి పెట్టినవే కదా. దేవుడు అందర్నీ సమానంగా పుట్టిస్తే రాజు మాత్రం ఎందుకెక్కువని అడిగినవాళ్లు అక్కడ చదివినవాళ్లలోనూ ఉన్నారు. అదే బైబిలు చూపించి బానిసల్ని ఉంచుకున్నవాళ్లూ ఉన్నారు. భక్తి ఉంటే చాలదు, అడిగే ధైర్యం కూడా ఉండాలి."

"నేనలా ఆలోచించలేదు. అది ఎక్కడ చదివారు?" అని లియమ్ నోట్సు తీశాడు.

ఇంటికొచ్చి జరిగింది చెబుతుంటే సింధుజ ల్యాప్‌టాప్ మూసేసింది.

"మళ్లీ మొదట్నుంచి చెప్పు మమ్మీ" అంది.

మంగళ కూర తరుగుతూ, ఈసారి తెలుగులో, తీరిగ్గా చెప్పింది.