కిటికీ మూసిన పిల్ల

మేట్రనత్త పోయిందని డ్రైవర్ బాబాయి ఫోన్ చేసినప్పుడు నేను వ్యాపార్ విహార్ టోకు బజార్‌లో కందిపప్పు బేరమాడుతున్నాను. "అత్త ఎలిపోయిందమ్మా. నిద్దట్లోనే ఎలిపోయింది. పొద్దున్న పాలవాడు పిలిస్తే పలకలేదట," అన్నాడు. పప్పు అక్కడే వదిలేసి ఆటో ఎక్కాను. ఆవిడ ఉండే లింగియాడీహ్ చేరేదాకా నా బుర్రలో తిరిగిన మాట ఒక్కటే, చెబితే నవ్వుతారు. ఈ ఆదివారం సీరియల్లో ఆ పిల్ల కిటికీ మూసినప్పుడు ఎవరు అరుస్తారు అని.

మీకు ఆవిడ తెలియదు కాబట్టి మొదటినుంచీ చెప్పుకురావాలి. ఆవిడ నాకు మేనత్త కాదు, అసలు ఏ చుట్టరికమూ లేదు. బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో తెలుగువాళ్లందరికీ అత్తే. ఇక్కడి ఆసుపత్రిలో నర్సుగా చేరి, మేట్రన్‌గా రిటైరైంది. నేను పుట్టగానే కాళ్లు పట్టుకుని తలకిందులుగా వేలాడదీసి వీపు మీద చరిచింది ఆవిడేనట. ఆ చనువు చివరిదాకా వదల్లేదు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే వాళ్ల చెయ్యి పట్టుకుని నాడి చూసి, "నీకు కంగారెక్కువలాగుంది, ఉప్పు తగ్గించు," అని పంపించేసేది.

నాడి చూడడమే ఆవిడ పలకరింపు. పెళ్లికొడుకైనా పురోహితుడైనా ముందు మణికట్టు పట్టుకునేది, గడియారం చూసుకునేది, ఆ తర్వాతే కుశలప్రశ్నలు. "నోటితో ఎన్ని అబద్ధాలైనా ఆడీయొచ్చు. నాడితో ఆడు చూద్దాం," అనేది. మా ఆయన ఆవిడ ఎదురుపడితే చేతులు రెండూ జేబులో పెట్టుకునేవాడు.

రిటైరయ్యాక లింగియాడీహ్‌లో చిన్న ఇల్లు కట్టుకుంది. ముందుగదిలో గోడకి పెద్ద టీవీ, దానికెదురుగా ఆవిడ పేము కుర్చీ, మిగతావాళ్లకి చాపలు. ఆదివారం భోజనాలయ్యాక మేమంతా అక్కడ చేరేవాళ్లం. దాన్ని ఆవిడ "విజిటింగ్ అవర్స్" అనేది, అన్నట్టే నడిపేది. చెప్పులు బయట వరసలో ఉండాలి. ఆలస్యంగా వచ్చినవాళ్లు గుమ్మం దగ్గరే కూచోవాలి. ఒక పళ్లెంలో ఆవిరి మీద ఉడికిన ఫరా, పక్కన గోంగూర పచ్చడి పెట్టేది. బియ్యప్పిండితో చేసే ఆ ఛత్తీస్‌గఢీ వంటకానికి గోంగూర ఎలా కుదురుతుందని అడిగిన వాళ్లు లేరు. ఒకసారి తిన్నాక అడగాలనిపించదు.

చూసేది ఒక హిందీ గూఢచారి సీరియల్. మనవాడొకడు పక్క దేశంలో పేరు మార్చుకుని, మందుల షాపు పెట్టుకుని, అక్కడి పిల్లనే పెళ్లాడి బతుకుతుంటాడు. ఇంతకన్నా కథ చెప్పనక్కర్లేదు. మేమంతా మొదటినుంచి చివరిదాకా చూసేశాం, చూసేసి మళ్లీ మొదలెట్టాం, మళ్లీ మళ్లీ చూస్తూ చూస్తూ ఒక ఎపిసోడ్ దగ్గర ఇరుక్కుపోయాం. ఆ ఎపిసోడ్ పెట్టని ఆదివారం మాకు ఆదివారంలా ఉండేది కాదు.

అందులో ఏముందంటే, ఒక మధ్యాహ్నం అతను ఒళ్లు కాలిపోయే జ్వరంతో ఇంటికొచ్చి మంచం మీద పడిపోతాడు. బయట వీధిలో ఇద్దరు పోలీసులు టీ తాగుతూ నిలబడి ఉంటారు. జ్వరంలో అతను దాచుకున్న మాటలన్నీ బయటపడతాయి, సొంత ఊరి యాసలో అమ్మని పిలుస్తాడు. భార్య వెళ్లి కిటికీ మూస్తుంది. అప్పుడు అతని మొహం కూడా చూపించరు, తెరంతా ఆ పిల్ల చెయ్యీ, కిటికీ గడియా. మర్నాడు ఎప్పటిలాగే అన్నం డబ్బా కట్టి మొగుణ్ణి షాపుకి పంపిస్తుంది. ఇంతకీ మొగుడెవరో ఆమెకి తెలుసా, తెలియదా? సీరియల్ తీసినవాళ్లు ఆ సంగతి తేల్చలేదు. తేల్చే బాధ్యత మేం నెత్తిన వేసుకున్నాం.

"తెలీదు గిలీదు. ధూళి రేగింది, మూసింది," అనేవాడు డ్రైవర్ బాబాయి. ఆయన రిటైరైన రైలు డ్రైవరు, మా పక్కింటాయన. సీరియల్ మొదట్లోనే ఒక రైలు సీనుంది. అందులో డీజిల్ ఇంజను చూపించి కరెంటు ఇంజను కూత పెట్టారని ఆయనకి మంట. అప్పటినుంచీ వాళ్లేం చూపించినా నమ్మడు. "కూతే అబద్ధమైనప్పుడు కిటికీ నిజమేటి?" అనేవాడు.

అత్త కుర్చీలో ముందుకు జరిగేది. "జ్వరమొచ్చిన మనిషి గదిలో కిటికీ తీస్తారా, మూస్తారా? నేను ఎంతమందిని చూసేను! ధూళి కోసం కాదు మూసింది, మాట బయటికి పోకండా మూసింది. కలవరింత విన్నాది. విన్న నిమిషంలో మొత్తం తెలిసిపోయింది. తెలిసీ మొహం మీద పెట్టలేదు. నర్సు పనీ గూఢచారి పనీ ఒకటేనర్రా, తెలిసిందంతా మొహం మీద పెట్టకూడదు. ఏటి, ఇప్పుడు చెప్పండి!"

"ఏటి, ఇప్పుడు చెప్పండి" అంటే వాదం ముగిసిందని అర్థం. ఆ తర్వాత ఎవరూ చెప్పేవాళ్లు కాదు. ఆవిడ అంత ఖాయంగా చెప్పేసరికి మాకూ నిజమేననిపించేది. బాబాయి మాత్రం ఫరా నములుతూ కూతంటూ గొణిగేవాడు.

ఆ ఇంట్లో అన్నిటికన్నా పెద్ద నియమం ఇంకొకటుంది. చూడ్డం హిందీలో, దెబ్బలాట తెలుగులో. అచ్ఛా, మతలబ్ లాంటి చిల్లర మాటలకి మాఫీ. అంతకుమించి హిందీలోకి జారినవాడు వాదన వదులుకుని వంటింట్లోకి వెళ్లి అందరికీ టీ పెట్టాలి. మా ఆయనా నాలాగే ఇక్కడే పుట్టి పెరిగాడు, కానీ ఆవేశమొస్తే హిందీ తప్ప రాదు. ఆయన టీ పెట్టడం నేర్చుకున్నది ఆ ఇంట్లోనే, ఆ పుణ్యం అత్తది.

ఎందుకత్తా ఈ పంతం అని ఒకసారి అడిగాను. "వార్డులో చూసేనే. పట్టాల మీద పని చేసే మన శ్రీకాకుళం వాళ్లు పగలంతా హిందీ మాట్లాడేవోళ్లు. జ్వరం నెత్తికెక్కితే ఒక్క ముక్క హిందీ ఉండేది కాదు. అన్నం అడుక్కోడానికి ఏ భాషైనా సరిపోద్ది. దెబ్బలాడ్డానికీ, జ్వరానికీ సొంత భాష కావాలి," అంది.

ఇక్కడ మా అమ్మాయి సంగతి చెప్పాలి. ఇప్పుడు కాలేజీలో చదువుతోంది. చిన్నప్పుడు ఇంట్లో తెలుగులో వాగుడుకాయ. హైస్కూల్లో ఉండగా పలాసలో మా వాళ్ల పెళ్లికి తీసుకెళ్లాను. అక్కడ వరసకి అక్కలు, బావలు చుట్టూ చేరి దాని చేత మాట్లాడించి, హిందీ కలిసిన దాని మాటల్ని దానికే తిప్పి అప్పజెప్పి పడీపడీ నవ్వారు. వాళ్లు చెడ్డవాళ్లు కాదు, సరదాకే చేశారు. తిరుగు రైల్లో అది నాతో హిందీలో మాట్లాడింది. అంతే, ఆ తర్వాత దాని నోట తెలుగు రాలేదు. నేను తెలుగులో అడిగితే హిందీలో జవాబు. బతిమాలాను, తిట్టాను, అలిగాను. పెళ్లాడిన మొగుడితో ఎలాగూ తెలుగులో పోట్లాడే యోగం లేదు, కన్న కూతురితోనైనా దక్కుతుందనుకుంటే అదీ పోయింది. నవ్వులాటగా చెబుతున్నాను గానీ, లోపల చాలా బాధగా ఉండేది. నా కూతురు నాకు పరాయిదైపోతోందని భయం.

అత్త దగ్గరికెళ్లి గోడు చెప్పుకున్నాను. ఆవిడ అలవాటుగా నా మణికట్టు పట్టుకుంది. "దానికేటీ అవ్వలేదు. నీ నాడే పరిగెడతన్నాది. ఆదివారం దాన్ని తీసుకురా. నోరు తెరవమని ఎవరూ అడక్కండి. దెబ్బ తగిలిన చోట నొక్కుతారేటే, ఎవరైనా?" అంది.

వచ్చిన పిల్ల చేతిలో అత్త రిమోట్ పెట్టింది. దానికి ఆవిడ మామ్మ వరస. ఎవరు చెయ్యెత్తితే అక్కడ బొమ్మ ఆపడం దాని పని. మాట్లాడక్కర్లేదు. అది ఆపుతూ, వెనక్కి తిప్పుతూ, మా అందరికన్నా శ్రద్ధగా చూసేది. ఫోన్లో ఆ సీరియల్ అభిమానులు రాసుకునేవన్నీ చదివేది. కిటికీ గురించి ఎక్కడెక్కడి వాళ్లో ఏమనుకుంటున్నారో ఒకసారి అత్తకి ఫోన్ చూపించబోయింది. "బయటోళ్ల మాట ఈ వార్డులో చెల్లదు. నీదేటుందో అది తెచ్చుకో," అని అత్త ఫోన్ పక్కకి నెట్టింది. అది మూతి ముడుచుకుంది గానీ మరుసటి ఆదివారం మా అందరికన్నా ముందు తయారైంది.

ఏళ్లు గడిచాయి. పిల్ల నోరు విప్పలేదు. నేను ఆశ వదులుకున్నాను, అత్త వదులుకోలేదు. "నన్ను ఓడించే ముక్క ఒక్కటి దొరకనీ దానికి. ఎదుటోళ్ల తప్పు కళ్లబడితే సిగ్గెక్కడాగుద్ది? దానంతటదే తన్నుకొస్తాది," అనేది. నాకు నమ్మకం లేదు. ఆవిడని ఓడించడం మా వల్లే కాలేదు, ఈ మూగనోము పిల్ల వల్ల ఏమవుతుంది అనుకునేదాన్ని.

అలాంటి అత్త పోయింది. విజయనగరం నుంచి ఆవిడ తమ్ముడి కొడుకు వచ్చి కర్మలన్నీ పద్ధతిగా జరిపించాడు. వెళ్తూ వెళ్తూ, "కొన్నాళ్లు మీరే చూసుకోండి," అని ఇంటి తాళాలు బాబాయి చేతికిచ్చాడు. ఆసుపత్రిలో ఆవిడ చేతి కింద పని నేర్చుకున్న నర్సులు, ఆవిడ చేతుల్లో పుట్టి ఇప్పుడు తలనెరిసినవాళ్లు, పక్కనే ఉన్న ఉస్లాపూర్ నుంచి, ఇంకా ఎక్కడెక్కడినుంచో వచ్చారు. అందరూ ఒకటే చెప్పారు, మొదటిసారి కలిసినప్పుడు చెయ్యి పట్టుకుందని.

ఆ తర్వాతి ఆదివారం ఎవరూ ఎవర్నీ పిలవలేదు. భోజనమయ్యాక చూస్తే మా అమ్మాయి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడి ఉంది. లింగియాడీహ్‌కి వెళ్లేసరికి బాబాయి తలుపు తీసి చాపలు పరిచి ఉంచాడు. ఫరా లేదు. పేము కుర్చీలో ఎవరూ కూచోలేదు, దాన్ని జరపనూ లేదు. అమ్మాయి ఏమీ అడక్కుండా ఆ ఎపిసోడే పెట్టింది.

జ్వరంతో మనిషి వచ్చాడు, మంచం మీద పడ్డాడు. తెర మీది పిల్ల లేచింది. చెయ్యి కిటికీ గడియ మీదికెళ్లింది. ఇన్నేళ్లూ సరిగ్గా అక్కడే అత్త అరిచేది, "అదిగో! మూసింది! చూసేరా!" అని. ఆ క్షణం వస్తుందని తెలిసి నేను పైట నోటికి అడ్డం పెట్టుకున్నాను. ఎవరూ అరవలేదు. తెర మీద కూడా నిశ్శబ్దంగానే ఉంది. గడియ పడిన చప్పుడు టక్కుమని వినిపించింది. ఆ తర్వాతెప్పటికో సన్నగా కలవరింత మొదలైంది.

బొమ్మ ఆగింది. ఎవరూ చెయ్యెత్తలేదు. వెనక్కి తిరిగింది, మళ్లీ నడిచింది, మళ్లీ ఆగింది.

"ఆగండి," అంది మా అమ్మాయి. "కిటికీ పహలే మూసింది. చూడండి, ఇక్కడ ఏటీ చప్పుడు లేదు. ఆయన ఇంకా మాట్లాడలేదు. తర్వాత మాట్లాడతాడు. వినకముందే ఎందుకు మూసింది?"

ఆ హిందీ "పహలే" దగ్గర బాబాయి చెయ్యి అలవాటుగా, టీ పెట్టమన్నట్టు వంటింటి వైపు లేచి, మధ్యలోనే ఆగి కిందికి దిగిపోయింది.

"మతలబ్, ఆమెకి ముందే తెలుసు," అమ్మాయి లేచి నిలబడింది. "ఆ రోజు తెలిసింది కాదు. పెళ్లయినప్పట్నుంచీ పక్కనే పడుకుంటాది గదా, నిద్దట్లో మాట్లాడతాడని తెలీదా? రోజూ మెల్లగా మాట్లాడతాడు. జ్వరంలో గట్టిగా మాట్లాడతాడని భయం, అందుకని ముందే మూసీసింది. ఇన్నాళ్లూ తెలిసీ డబ్బా కట్టింది. మామ్మ చెప్పింది తప్పు. మొత్తం తప్పు!"

బాబాయి నోరు తెరిచి, "ఓరి నాయినో, ఈ ముక్క ఇన్నాళ్లూ అత్త అరుపు కింద పడిపోయిందే," అన్నాడు. మళ్లీ పెట్టించాడు, మళ్లీ విన్నాడు. కూత సంగతే ఎత్తలేదు. మా ఆయన అడక్కుండానే టీ పెట్టడానికి లేచి, లేచినవాడు అక్కడే నిలబడిపోయాడు. నాకు ఏడుపు ఆగలేదు. సంతోషానికి ఏడ్చానో, ఇది వినాల్సిన మనిషి వినకుండా పోయిందని ఏడ్చానో నాకే తెలియలేదు. ఆవిడ మాట నేను నమ్మలేదు, ఆవిడ నమ్మింది. ఆవిడ చెప్పినట్టే, తప్పు కళ్లబడగానే దానంతటదే తన్నుకొచ్చింది.

మా అమ్మాయి మాలో ఎవర్నీ చూడలేదు. పేము కుర్చీ వైపు తిరిగింది.

"ఏటి మామ్మా," అంది, "ఇప్పుడు చెప్పు."

ఇన్నేళ్ల అలవాటుతో మేమూ అటే తిరిగాం. తెర మీద ఆ పిల్ల చెయ్యి గడియ మీద అలాగే ఉంది. మా అమ్మాయి రిమోట్ పట్టుకుని, గెలిచినదాని పొగరు మొహమంతా నింపుకుని, జవాబు కోసం ఆ కుర్చీ ముందు నిలబడే ఉంది.