నీళ్ల గండం

నాకు నీళ్ల గండం ఉందని మా అమ్మ చెప్పేది. వరికుంటపాడు వైపు నుంచి వచ్చిన ఒక సిద్ధాంతి నా జాతకం చూసి, ఈ పిల్లను నీళ్ల దగ్గరికి పంపొద్దన్నాడట. ఆ సిద్ధాంతిని నేనెప్పుడూ చూడలేదు. ఆయన మాట మాత్రం మా ఇంట్లో నాతో పాటే పెరిగి పెద్దదయింది.

మాది ఉదయగిరి, కొండ కింద ఊరు. ఎండాకాలం వస్తే తాగే నీళ్లకే ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊళ్లో నీళ్ల గండం ఏమిటో నాకు అర్థమయ్యేది కాదు. మాకు గండమంటూ ఉంటే అది నీళ్లు లేకపోవడం వల్ల రావాలి. అయినా సరే, మా చేలో బావి ఛాయలకు నన్ను పోనిచ్చేవాళ్లు కాదు. నా ఈడు పిల్లలంతా వీపుకు డబ్బా కట్టుకుని ఆ బావిలోనే ఈత నేర్చుకున్నారు. బళ్లో అందరినీ సోమశిల ప్రాజెక్టు చూపించడానికి తీసుకుపోతే, నేను జ్వరం లేకుండానే దుప్పటి కప్పుకుని ఇంట్లో పడుకున్నాను. చివరికి మా స్నానాల గదికి లోపలి గడియ కూడా ఉండేది కాదు, నాయన ఊడదీయించాడు. నేను స్నానం చేస్తుంటే అమ్మ తలుపు బయట నిలబడి ఉండుండి "పాపా" అని పిలిచేది. లోపలి నుంచి "ఆ" అనాలి. అనకపోతే తలుపు తోసుకుని వచ్చేసేది. పదో తరగతిలో ఒకసారి పంతం పట్టి పలకలేదు. వచ్చి తడి వీపు మీద ఒక్కటిచ్చింది. బకెట్టు నీళ్లలో మునిగి చచ్చినవాళ్లు లోకంలో ఎవరైనా ఉన్నారా అని నేను వీధికి వినబడేటట్టు అరిచాను.

చదువుకున్నాను, బెంగళూరులో ఉద్యోగం చేశాను, ఆత్మకూరు అబ్బాయిని పెళ్లి చేసుకున్నాను. పెళ్లయిన ఎనిమిదేళ్లకు ఒకరోజు మా ఆయన, "ఉద్యోగాలు వదిలేసి ఆర్నెల్లు ఊర్లు తిరుగుదామా?" అన్నాడు. ఆయన మాట పూర్తయ్యేలోపే నేను సరే అన్నాను. చెరొక సంచీ వీపుకు తగిలించుకుని, చవకగా దొరికే చోట పడుకుంటూ, బస్సుల్లో పడవల్లో తిరగాలన్నది మా లెక్క. ఆత్మకూరులో మా అత్త చేతులు తిప్పుతూ, "తిన్నది అరక్క పోతా ఉండారు, పోండి" అంది. ఉదయగిరిలో మా అమ్మ ఒక్క మాటే అంది.

"యాడికన్నా పోండి గానీ, సముద్రం పక్కకి మాత్రం పోబాకండి."

ఆ మాట అనకపోయి ఉంటే పోయేదాన్ని కాదేమో. నా బుద్ధి అంతే, వద్దన్నదే కావాలి.

నాలుగో నెలలో ఇండోనేషియాలో ఒక చిన్న ద్వీపానికి చేరుకున్నాం. రెండు గంటలు నడిస్తే చుట్టి రావచ్చు. అక్కడ ఫ్రీడైవింగ్ నేర్పుతున్నారు. వీపు మీద గాలి సిలిండరు ఉండదు. ఒక్క గుక్క ఊపిరి పీల్చుకుని, దాన్ని బిగబట్టి, సముద్రంలోకి వేలాడదీసిన తాడు వెంబడి కిందికి దిగి, మళ్లీ పైకి రావాలి. అంతకు రెండు నెలల ముందే, శ్రీలంకలో, నాకు ఈత వచ్చింది. మా ఆయనే నేర్పాడు. ఇదీ నేర్చుకుందామని నేనే పట్టుబట్టాను.

నేర్పే ఆమె ముందుగా ఒక కాగితం ఇచ్చింది. గుండె జబ్బు ఉందా, ఉబ్బసం ఉందా, ఎప్పుడైనా స్పృహ తప్పారా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా. నేను వరసగా లేదు, లేదు, లేదు అని గీతలు పెట్టుకుంటూ పోయాను. నీళ్ల గండం ఉందా అనే ప్రశ్న మాత్రం అడగలేదేమిటని మా ఆయనతో ఎగతాళి కూడా చేశాను.

ఆ నీళ్ల సంగతి చెప్పాలి. కిందికి పోయే కొద్దీ చెవులు నొక్కుకుంటాయి. ముక్కు మూసుకుని గాలిని చెవుల్లోకి నెట్టాలి. కొంత లోతు దాటాక ఒళ్లు తేలడం మానేసి తనంతట తానే దిగిపోతుంది. కాళ్లు ఆడించనక్కర్లేదు. చుట్టూ నీలం, చప్పుడు లేదు, ఎవరూ పిలవరు. ముప్ఫై నాలుగేళ్లలో మొదటిసారి నన్నెవరూ పిలవని చోట ఉన్నాను. అక్కడ, మా చేలో బావి కన్నా లోతున, నాకు ఆ సిద్ధాంతి గుర్తొచ్చి నవ్వొచ్చింది.

నేర్పే ఆమె ఒక నియమం విషయంలో మాత్రం ప్రాణం తీసేది. పైకి వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు, అసలు ప్రమాదం అప్పుడేనట. పైకి రాగానే ముఖం మీది అద్దం తీసి, వేళ్లతో సున్నా చుట్టి చూపించి, "బాగున్నాను" అని నోరు తెరిచి చెప్పాలి. అది వినేదాకా జతగా ఉన్న మనిషి మన ముఖం మీద నుంచి చూపు తిప్పకూడదు. చెప్పకపోతే, మనం ఎంత నవ్వుతూ కనిపించినా, పట్టుకోవాలి.

చివరిరోజు ఇరవై మీటర్లు దిగాను. తాడు చివర ఉన్న పలకను తాకాను. పైకి వచ్చాను. అద్దం తీశాను. తర్వాత సంగతి నాకు తెలియదు. తెలిసేసరికి ఆమె నా గడ్డం కింద చెయ్యి పెట్టి, ముఖం మీద ఊదుతూ నన్ను పిలుస్తోంది. మూడు నాలుగు క్షణాలు చేతులు కొట్టుకున్నాయట. ఊపిరి చాలకపోతే ఒక్కోసారి అలా అవుతుందని చెప్పి, ఇంతకుముందు ఎప్పుడైనా స్పృహ తప్పడం గానీ, ఫిట్స్ గానీ ఉన్నాయా అని నా కళ్లలోకి చూస్తూ మళ్లీ అడిగింది. లేవని గట్టిగా చెప్పాను. కొంచెం గర్వంగా కూడా చెప్పాను. మా ఆయన పడవలో నుంచి ఫోన్లో వీడియో తీస్తున్నాడు. "చిందేసినావు గదమ్మే" అన్నాడు. అందరం నవ్వాం.

ఊరికి తిరిగొచ్చాం. మొదట ఆత్మకూరు పోయాం. మా అత్త ఇద్దరినీ ఎగాదిగా చూసి, ఎండబెట్టిన చేపల్లాగా అయిపోయినారని తిట్టి, కడుపునిండా పెట్టింది. మర్నాడు ఉదయగిరికి వచ్చాం. మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను ఫోన్ తీశాను. ఎందుకు తీశానో దాచను. అమ్మ మీద గెలవడానికి తీశాను. ఎన్నో ఏళ్ల బాకీ అది.

"అమ్మా, నీ సిద్ధాంతి చెప్పిన పిల్ల ఏం చేసిందో చూడు" అని ఫోన్ ఆమె చేతికిచ్చాను. నాయన కూడా మంచం మీద నుంచి వంగాడు. నేను దిగడం, తాడు కదలడం, పైకి రావడం వరకూ అమ్మ రెప్ప వెయ్యకుండా చూసింది. భయపడుతోందని నాకు లోపల సరదాగా ఉంది.

వీడియోలో నేను అద్దం తీశాను. నా చేతులు కొట్టుకోవడం మొదలైంది. అప్పుడు మా అమ్మ చెయ్యి దానంతటదే బొడ్లోకి పోయింది. అక్కడ దోపుకున్న తాళాల గుత్తిని లాగి, ఫోన్లో నా చేతికి అందించబోయింది. గుత్తి ఫోన్ అద్దానికి ఠక్కున తగిలింది.

"పట్టించండి, చేతిలో పట్టించండి" అంది, ఎవరితోనో.

నాకు ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఆ గుత్తి వైపు చూశాను. ఫిట్స్ వచ్చినవాళ్ల చేతిలో ఇనుము పెడతారని మా వైపు పసిపిల్లలకు కూడా తెలుసు.

"ఆ ఫోన్ ఆపు" అన్నాడు నాయన.

"అదే" అంది అమ్మ. "అట్టానే వచ్చేది, ఎప్పుడొచ్చినా నిద్దర్లోనే. ఎడమ చెయ్యి ముందు."

నాయన లేచి బీరువా తీశాడు. చీరల కింద నుంచి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చి నా ఒళ్లో పెట్టాడు. నెల్లూరు డాక్టరు చీటీలు. పసుపు పట్టిపోయాయి. ప్రతిదాని మీదా నా పేరు, పక్కన వయసు. నాలుగు. అయిదు. ఆరు. తొమ్మిది దాకా ఉన్నాయి. రోజూ సాయంత్రం అమ్మ బెల్లం ముక్కతో ఇచ్చే తెల్ల బిళ్ల గుర్తొచ్చింది. బలం బిళ్ల, చదువు బాగా వస్తుంది మింగు అనేది. చదువు నిజంగానే బాగా వచ్చింది, కాబట్టి నేనెప్పుడూ అనుమానించలేదు.

"మరి సిద్ధాంతి?" అన్నాను. ఆ క్షణంలో అడగడానికి నాకు దొరికింది ఆ ప్రశ్నే.

"సిద్ధాంతి ఎవురూ లేడు పాపా" అన్నాడు నాయన. "డాక్టరు చెప్పినాడు, నీళ్ల కాడికి, నిప్పుల కాడికి ఒంటరిగా పంపబాకండి అని. ఊళ్లో ఫిట్స్ అని చెబితే రేపు నీకు సంబంధం వస్తాదా? గండమంటే ఎవురూ ఏమీ అనుకోరు. గండం ఎవురికైనా ఉంటాది."

ఇన్నేళ్లూ నేను మూఢనమ్మకమని వెక్కిరించింది ఒక డాక్టరు మాటని. జాతకం అబద్ధమని తెలిసిన చదువుకున్నదాన్ని కాబట్టే సముద్రంలోకి దూకాను. అమ్మ నిజం చెప్పి ఉంటే దూకేదాన్ని కాదు, నిజంగా జాతకం చూపించి భయపెట్టినా ఇలాగే దూకేదాన్ని. ఆ కాగితంలో లేదు, లేదు అని నేను గీసిన గీతలు కళ్ల ముందు వరసగా నిలబడ్డాయి. నా ప్రాణానికి హామీగా నేనే సంతకం పెట్టి ఇచ్చిన అబద్ధం అది.

నేను కోపం తెచ్చుకునేలోపే అమ్మ లేచింది. నా దగ్గరికి రాలేదు. మా ఆయన దగ్గరికి పోయి రెండు చేతులూ పట్టుకుంది.

"అబ్బయ్యా, తప్పు మాది. దానికి తెలీదు. దేవుడి సాక్షిగా దానికి తెలీదు. దాన్ని ఏమీ అనబాకండి, వదిలిపెట్టబాకండి."

నా ఒళ్లు మండిపోయింది. నేను చావబోయి బతికానని తెలిసిన రోజు కూడా ఆమెకు నా పెళ్లి భయమే! ఎనిమిదేళ్ల తర్వాత కూడా ఆమె ఆ పెళ్లి పీటల దగ్గరే నిలబడి ఉంది.

మా ఆయన ముఖం సున్నం కొట్టినట్టుంది. ఎప్పుడూ ఏదో ఒక హాస్యమాడే మనిషి. ఆ చేతులు విడిపించుకోలేదు, పట్టుకోనూ లేదు.

"పెళ్లి సంగతి ఎవురికి కావాలత్తా" అన్నాడు. "నేను వీడియో తీస్తా ఉండాను. దానికి ప్రాణం పోతా ఉంటే నేను నవ్వతా వీడియో తీస్తా ఉండాను."

అని బయటికి పోయి అరుగు మీద కూర్చున్నాడు. అప్పుడు నాకు నోరొచ్చింది.

"నాకైనా చెప్పుండొచ్చు గదా!" అని అరిచాను.

"ఎప్పుడు చెప్పేది? పెళ్లికి ముందు చెబితే నువ్వే పొయ్యి వాళ్లకి చెప్పేస్తావు. నీ నోరు అట్టాంటిది" అంది అమ్మ. అది నిజమే. "తొమ్మిదో ఏడు దాటినాక మళ్లీ రాలేదు. ఇంక రావులే అనుకున్నాము. మర్చిపోయినాము."

"నువ్వు మర్చిపోయినావామ్మా?"

అమ్మ తాళాల గుత్తిని మళ్లీ బొడ్లో దోపుకుంది.

మూడోరోజు నెల్లూరు పోయి వేరే డాక్టరుకు చూపించుకున్నాం. తలకు తీగలు తగిలించి పరీక్ష చేశారు. చిన్నప్పటివి తగ్గిపోయి ఉండవచ్చు, సముద్రంలో వచ్చింది ఊపిరి చాలక వచ్చినదే అయి ఉండవచ్చు, కాకపోనూ వచ్చు అన్నాడాయన. ఏదైనా సరే, నీళ్లలో ఊపిరి బిగబట్టే పని ఇక ఈ జన్మకు వద్దన్నాడు. వచ్చే దారిలో కారులో ఏడ్చాను. అమ్మ మీద కోపంతో అనుకుని మా ఆయన ఏదో సర్దిచెప్పబోయాడు. కోపం ఉంది, అది అంత త్వరగా పోయేది కాదు. కానీ నేను ఏడ్చింది దాని కోసం కాదు. నాకు ఆ నీలం కావాలి. ఇంకెప్పుడూ అక్కడికి పోలేనని ఏడ్చాను.

మర్నాడు ఉదయం స్నానానికి పోయాను. తలుపు దగ్గరికి వేశాను. దానికి ఇప్పటికీ గడియ లేదు. బకెట్టులో వేడినీళ్లకు చన్నీళ్లు కలిపి తొరిపి, మొదటి చెంబు పోసుకున్నాను. రెండోది పోసుకున్నాను. పిలుపు రాలేదు. మూడో చెంబు చేతిలో పట్టుకుని ఆగిపోయాను. ఇంట్లో ఎవరూ లేరా అనుకుని కిందికి చూస్తే, తలుపు కింది సందులో అమ్మ పాదాలు కనిపించాయి. మెట్టెలు అరిగిపోయిన ఆ రెండు పాదాలూ తలుపుకు జానెడు దూరంలో ఉన్నాయి. ఎప్పటి నుంచి నిలబడి ఉందో తెలియదు. ఆ రోజు నుంచీ నాతో మాట్లాడడానికి మొహం చెల్లక, పిలవడానికి నోరు రాక, ఊరికే నిలబడి ఉంది.

ఊపిరి గట్టిగా పీల్చుకున్నాను.

"అమ్మా, బాగానే ఉండాను" అన్నాను.

"ఊ. పోసుకో, నీళ్లు చల్లారిపోతాయి" అంది.

పాదాలు మాత్రం కదలలేదు. చెంబుకొకసారి చెప్తూ స్నానం ముగించాను.